డెక్ కడదాం రారా అని ఫ్రెండ్ పిలిస్తే: ఏది ఎంచుకోవాలి, ఎక్కడ డబ్బు పెట్టాలి

పోయిన వేసవిలో మావాడి పెరట్లో డెక్, అంటే ఇంటి వెనక చెక్కతో లేపే ఎత్తు అరుగు, కట్టాం. నార్త్ కరోలినాలో కేరీ పక్కన ఇల్లు. వెనక తలుపు గడప నేలకి 26 అంగుళాల ఎత్తులో ఉంటుంది, బిల్డర్ వేసిచ్చిన చెక్కమెట్లు తప్ప అక్కడ ఇంకేం లేదు. "మామా, నువ్వు ఇండియాలో ఇల్లు కట్టించావు కదా, నీకు తెలుస్తుంది" అని నన్ను పిలిచాడు. నేను కట్టించింది సిమెంటు ఇల్లు, అదీ ఇక్కడ కూర్చుని ఫోన్లో. అయినా వెళ్లాను, ఎందుకంటే నాకూ ఒకటి కట్టాలని ఉంది, ముందు వాడింట్లో చెయ్యి తిరిగితే మంచిదే కదా అని.

పని మొదలుపెట్టక ముందు మూడు వారాల పాటు మా వాట్సాప్ గ్రూపులో నడిచిన చర్చంతా పైన పరిచే పలక గురించే. కాంపోజిట్ (ప్లాస్టిక్ కలిపిన పలక) మంచిదా, చెక్క మంచిదా, గోధుమ రంగా, బూడిద రంగా. కింద స్తంభాల కోసం కాంక్రీటు పోసే గుంతలు, ఫ్రేమ్ గురించి మొత్తం కలిపి పది నిమిషాలు కూడా మాట్లాడుకోలేదు. తీరా దిగాక తెలిసింది, చర్చ తలకిందులుగా జరిగిందని. పై పలకలు నచ్చకపోతే పదేళ్ల తర్వాత విప్పి వేరేవి వేసుకోవచ్చు, కింద తప్పు జరిగితే మాత్రం అంతా పీకాల్సిందే. అందుకే నేల నుంచి మొదలుపెట్టి పైకి వస్తాను.

అసలు డెక్కే కావాలా

గడప ఎత్తు కొలవండి ముందు. నేలకి అడుగు లోపే ఉంటే డెక్ మర్చిపోయి నేలమీదే పోసే కాంక్రీటు పేటియోనో, పేవర్లు (నేలకి పరిచే బిళ్లలు) పరిచిందో చూసుకోండి. ఫ్రేమ్ చెక్కే ఏడుంపావు అంగుళాలు, దాని మీద పలక అంగుళం, ఇక కింద గాలి ఆడటానికి చోటెక్కడిది? గాలి ఆడని చోట తడి ఆరదు, తడి ఆరని చెక్క కుళ్లుతుంది. టెక్సస్‌లో చాలా ఇళ్లు నేలమీదే స్లాబు పోసి కట్టినవి, అక్కడున్న మా బంధువులు డెక్ ఊసెత్తకుండా కాంక్రీటు పోయించుకుంటే ముందు విచిత్రంగా అనిపించింది గానీ వాళ్లు చేసిందే రైటు. గడప రెండడుగులో మూడడుగులో పైన ఉన్నా, పెరడు వాలుగా ఉన్నా డెక్కే తేలిక, మట్టి తెచ్చి పోసి చదును చేసే బాధ ఉండదు.

30 అంగుళాల లెక్క ఒకటి గుర్తుపెట్టుకోండి. అమెరికాలో చాలా చోట్ల అనుసరించే మోడల్ కోడ్ (ఇళ్ల నిర్మాణానికి నమూనా నియమాలు) ప్రకారం డెక్ నేలకి 30 అంగుళాలు దాటితే చుట్టూ రెయిలింగ్ తప్పనిసరి, అది కనీసం 36 అంగుళాలు ఉండాలి, ఊచల మధ్య 4 అంగుళాల బంతి కూడా దూరకూడదు. మావాడిది 26 అంగుళాలే కాబట్టి రెయిలింగ్ లేకపోయినా చెల్లుతుంది. కానీ ఇంట్లో రెండేళ్ల పాప ఉంది, చెల్లెమ్మ, అంటే మావాడి భార్య, ఒక్క మాటలో తేల్చేసింది, రెయిలింగ్ పెట్టాం. అదే కోడ్‌లో పర్మిట్ మినహాయింపు కూడా ఉంది గానీ దానికి షరతులు నాలుగు: 200 చదరపు అడుగులు దాటకూడదు, 30 అంగుళాలు దాటకూడదు, ఇంటికి తగిలించి ఉండకూడదు, ఇంటి ముఖ్యమైన బయటిదారి దాని మీదుగా ఉండకూడదు. ఇది మోడల్ కోడ్ మాట, మీ సిటీ దీన్ని మార్చుకుని ఉండొచ్చు. ఒక్క ఫోన్ చేస్తే తేలిపోతుంది. మేం చేశాం, డ్రాయింగ్ ఇమ్మన్నారు, ఇచ్చాం. హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) అనుమతి దీనికి వేరే, ఒకటి వచ్చిందని రెండోది వచ్చినట్టు కాదు.

గోడకి తగిలించాలా, విడిగా నిలబెట్టాలా

డబ్బు, శ్రమ, భయం మూడూ తేలేది ఇక్కడే. తగిలించడం అంటే ఇంటి గోడకి పొడుగ్గా లెడ్జర్ అనే చెక్క బిగించి, డెక్ ఒక వైపు బరువంతా దాని మీద పెట్టడం. అవతలి వైపు మాత్రమే స్తంభాలు ఉంటాయి. విడిగా అంటే రెండు వైపులా స్తంభాలే, ఇల్లు పక్కనే ఉన్నా దాన్ని ముట్టుకోదు.

తగిలిస్తే గుంతలు సగం తగ్గుతాయి. మా 12 అడుగులు బై 16 అడుగుల డెక్‌కి మూడు సరిపోయేవి, విడిగా కట్టాం కాబట్టి ఆరు తవ్వాం. మరి ఎందుకు ఒళ్లు హూనం చేసుకున్నారంటే కారణం నీళ్లు. లెడ్జర్ వెనక్కి వాన నీరు చేరకుండా రేకు సరిగ్గా దూర్చాలి, సైడింగ్ (గోడకి బయట తొడిగే పలకలు) కోసి దాని వెనక నుంచి రావాలి, ఆ పని మాలో ఎవరికీ రాదు. అది తేడా వస్తే కుళ్లేది డెక్ ఒక్కటే కాదు, ఇంటి గోడ కూడా. 2015 జూన్‌లో కాలిఫోర్నియా బర్క్‌లీలో ఒక అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తు బాల్కనీ కూలి ఆరుగురు యువతీయువకులు చనిపోయారు. లోపలి చెక్క దూలాలు తడికి కుళ్లిపోవడమే కారణమని తేలింది. మాది రెండడుగుల ఎత్తే, అయినా ఆ వార్త చదివాక గోడకి బెజ్జాలు పెట్టే ధైర్యం మావాడికి రాలేదు.

ఇంకో మాట, మనవాళ్లు పొరపడేది. ఇటుక గోడ కదా, గట్టిది, దానికే బోల్టులు వేసేద్దాం అనుకుంటారు. ఊళ్లో మన ఇటుక గోడ ఇంటిని మోస్తుంది. ఇక్కడ చాలా ఇళ్లకి బయట కనిపించే ఇటుక ఒంటి వరస, సోకు కోసం కట్టింది, బరువు మోసేది లోపలున్న చెక్క ఫ్రేమ్. ఆ ఇటుకకి లెడ్జర్ బిగించడాన్ని కోడ్ ఒప్పుకోదు. వెనక గోడ ఇటుకైతే ఇంకో ఆలోచన లేకుండా విడి డెక్కే. సైడింగ్ గోడ ఉండి, పని తెలిసిన కాంట్రాక్టర్ ఉంటే తగిలించుకోవచ్చు, కాకపోతే అరంగుళం లావు బోల్టులో లాగ్ స్క్రూలో వేస్తున్నాడా, మేకులతో సరిపెడుతున్నాడా అని దగ్గరుండి చూడండి. మేకులు కనిపిస్తే పని ఆపించండి.

విడి డెక్‌కి ఉన్న చిక్కు చెప్పకపోతే అన్యాయం. గోడ పక్కనుండే మట్టి ఇల్లు కట్టేటప్పుడు తవ్వి పూడ్చింది, వదులుగా ఉంటుంది. అక్కడ వేసే గుంతలు ఇంటి పునాది అడుగు దాకా వెళ్లాలి, గట్టినేల తగలాలి. కాబట్టి గోడవైపు మూడు గుంతలూ మిగతా మూడింటి కంటే లోతు. పైగా విడిగా నిలబడేది అటూ ఇటూ ఊగకుండా స్తంభాలకి ఏటవాలు కట్టెలు బిగించాలి, అది మర్చిపోతే పదిమంది నడిచినప్పుడు తెలుస్తుంది.

గుంతలు

సిమెంటు దిమ్మలు దొరుకుతాయి, నేల మీద అలా పెట్టి పైన చెక్క ఆనించేయడమే. చిన్న అరుగులాంటి దానికి, నేలకి బాగా దగ్గరగా ఉండేదానికి పర్వాలేదు. మనింట్లో సత్యనారాయణ వ్రతం అంటే నలభై మంది వస్తారు, ఫొటో అంటే అందరూ ఒకే మూలకి చేరతారు. మామూలుగా డెక్‌ని చదరపు అడుగుకి 40 పౌండ్లు మోసేలా లెక్కేస్తారు, మా 192 చదరపు అడుగులకి అది 7,680 పౌండ్లు. అంత బరువుని మట్టి మీద ఊరికే పెట్టిన దిమ్మలకి అప్పజెప్పను, మీరూ వద్దు.

గుంత లోతు ఊరిని బట్టి. చలికాలం నేలలో నీరు గడ్డకడితే ఉబ్బి స్తంభాన్ని పైకి నెడుతుంది, ఆ గడ్డకట్టే లోతు కంటే కిందకి పోవాలి. మా వైపు 12 అంగుళాలు చాలు, షికాగోలో అయితే 42. అక్కడ చేత్తో తవ్వుతాం అనే ఫ్రెండుకి నమస్కారం పెట్టి మిషన్ అద్దెకి తెచ్చుకోండి. నిజానికి ఇక్కడ కూడా తెచ్చుకోవాల్సిందే. ఈ ఎర్ర బంకమట్టి ఎండితే ఇటుక, తడిస్తే జిగురు.

తవ్వే ముందు 811కి, అంటే నేలలోని లైన్లు గుర్తించి చూపించే సర్వీసుకి, ఫోన్ చేయడం తప్పనిసరి. ఉచితం, రెండు మూడు పని దినాల ముందు చెప్పాలి. వచ్చి గడ్డి మీద రంగులు కొట్టి పోతారు: ఎరుపు కరెంటు, పసుపు గ్యాస్, నీలం మంచినీళ్లు, నారింజ రంగు కేబుల్, ఆకుపచ్చ మురుగు. వాళ్లు గుర్తించేది కంపెనీల లైన్లే, మీరు సొంతంగా వేయించుకున్న స్ప్రింక్లర్ పైపులు వాళ్ల లెక్కలో ఉండవు. వాటిని మీరే వెతుక్కోవాలి.

మేం శనివారం సాయంత్రానికి ఆరూ తవ్వేశాం, కాంక్రీటు పోసే ముందు ఇన్‌స్పెక్టర్ సోమవారం వచ్చి చూడాలి. శనివారం రాత్రి ఉరుములతో వాన. పొద్దున లేచి చూస్తే ఆరు గుంతలూ అంచుదాకా నిండి ఎర్రగా చాయ్ రంగులో ఉన్నాయి, ఒకదాంట్లో కప్ప కూడా. ఊరి నుంచి వచ్చిన మావాడి నాన్నగారు కాఫీ పట్టుకుని మెట్ల మీద నిలబడి, "మా కనిగిరిలో బోరు వేసినా ఇంత తొందరగా నీళ్లు పడవు కదరా" అన్నారు. ఆదివారమంతా బకెట్లతో తోడి, అడుగున మెత్తబడిన బురదంతా గట్టి మట్టి తగిలేదాకా గోకి తీయడంతోనే సరిపోయింది. బురద మీద కాంక్రీటు పోస్తే తర్వాత కుంగుతుంది, ఇన్‌స్పెక్టర్ కూడా ఒప్పుకోడు. ప్లైవుడ్ ముక్కలు కప్పి చుట్టూ మట్టి కట్ట వేసి ఉంటే పది నిమిషాల పని. వాతావరణం చూసుకోకుండా శనివారం గుంతలు తవ్వకండి, అంతే.

బస్తాల లెక్క కూడా చెప్తాను, ఎవరూ ముందు వేసుకోరు. 80 పౌండ్ల కాంక్రీటు బస్తా 0.6 ఘనపుటడుగులు వస్తుంది. గుంతకి మూడు వేసుకున్నా ఆరింటికి 18 బస్తాలు, 1,440 పౌండ్లు, అంటే 650 కిలోల పైమాటే. మినీవ్యాన్‌లో ఒకే ట్రిప్పులో తెచ్చేద్దాం అన్న తెలివైనవాడు మా గ్రూపులో ఉన్నాడు. డెలివరీ పెట్టించుకోండి.

ఫ్రేమ్ మీద పిసినారితనం వద్దు

జాయిస్టులంటే మన పెంకుటింటి వాసాల్లాంటివే అనుకోండి, కాకపోతే ఏటవాలుగా కాకుండా అడ్డంగా పడుకుంటాయి. పైన ఏం పరిచినా ఫ్రేమ్ మాత్రం కుళ్లకుండా మందు పట్టించిన పైన్ చెక్కే. చాలామంది కాంపోజిట్ డెక్ అంటే అంతా ప్లాస్టిక్కే, కుళ్లేదేం లేదు అనుకుంటారు, అది పైతోలు మాత్రమే. చెక్క కొనేటప్పుడు చివర కొట్టిన చీటీ చదవండి, గ్రౌండ్ కాంటాక్ట్ అని ఉన్నది తీసుకోండి. అబౌవ్ గ్రౌండ్ అన్నది కాస్త చవక, కానీ నేలకి దగ్గరగా ఉండే డెక్‌కి అది దండగ. కోసిన చివర్లకి మళ్లీ మందు పూయాలి, ఎందుకంటే ఫ్యాక్టరీలో ఎక్కించింది మధ్యదాకా సరిగా దిగదు.

ఇప్పటి మందుల్లో రాగి ఎక్కువ, అది మామూలు ఇనుమును తినేస్తుంది. గ్యారేజీలో మిగిలిపోయిన డ్రైవాల్ స్క్రూలు వాడదాం అనే ఫ్రెండ్ ప్రతి గ్రూపులో ఒకడుంటాడు, వాడి చేతికి చీపురు ఇవ్వండి. హాట్ డిప్ గాల్వనైజ్డ్‌వో (జింకు పూత వేసినవి), స్టెయిన్‌లెస్‌వో కొనాలి. జాయిస్ట్ హ్యాంగర్లకి (జాయిస్టుల చివర్లని పట్టి ఉంచే ఇనుప కొక్కేలు) వాటికని చెప్పిన మేకులే వేయాలి, డెక్ స్క్రూలు కాదు.

ఒక అందమైన సంగతి. 12 బై 16 ఎంచుకుంటే మూలమట్టం చూడటం భలే తేలిక, ఎదురెదురు మూలల మధ్య కొలత సరిగ్గా 20 అడుగులు రావాలి. ఊళ్లో మేస్త్రీలు ముగ్గు పోసేటప్పుడు తాడు పట్టి చూసే 3-4-5 లెక్కే ఇది, నాలుగు రెట్లు చేసి. మా మొదటి కొలత ఒకవైపు 20 అడుగుల ఒకటిన్నర అంగుళం వచ్చింది, రెండోవైపు దాదాపు అంతే తక్కువ. సుత్తితో ఒక మూల మెల్లగా తడుతూ, ఇద్దరు టేపు పట్టుకుని అరుస్తూ, పావుగంటలో సరిచేశాం. ఆ పావుగంట మిగుల్చుకుని ఉంటే చివరి పలక ఒకవైపు సన్నగా కోయాల్సి వచ్చేది, జీవితాంతం కళ్లకి గుచ్చుకునేది.

ఇక పైన ఏం పరచాలి

నాన్నగారి మొదటి ప్రశ్న, "టేకు దొరకదా?" దొరుకుతుంది బాబాయిగారూ, డెక్ ఖర్చుకి ఊళ్లో ఇంకో గది లేస్తుంది అన్నాను. టేకు మీద మనకున్న మమకారానికి ఇక్కడ దగ్గరగా వచ్చేది ఇపే అనే బ్రెజిల్ కలప. నీళ్లలో వేస్తే మునిగిపోయేంత బరువు, ముందు బెజ్జం వేయకుండా స్క్రూ దిగదు. 2024 నవంబర్ నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) నియంత్రణలోకి వచ్చింది కూడా. వారాంతపు వడ్రంగులం, మనకి వద్దు. సెడార్ తేలిక, వాసన బాగుంటుంది, అయితే మెత్తన, కుర్చీ లాగితే గీత పడుతుంది. మా వైపు అది పశ్చిమ తీరం నుంచి రావాలి కాబట్టి ధర కూడా ఎక్కువే. కాబట్టి అసలు పోటీ మందు పట్టించిన పైన్‌కి, కాంపోజిట్‌కి.

పైన్ చవక. కాంపోజిట్ పలకలు రకాన్ని బట్టి దానికి రెండు మూడు రెట్లు, ఇంకా పైకి కూడా పోతాయి. కొత్త పైన్ పలక తడితడిగా వస్తుంది. స్క్రూ దించుతుంటే తల చుట్టూ ఆకుపచ్చ నీళ్లు ఊరడం నా కళ్లారా చూశాను. అది ఎండే కొద్దీ కుంచించుకుపోతుంది, అందుకే తడి పలకల్ని సందు లేకుండా ఆనించి వేసేస్తే తర్వాత సందు దానంతట అదే వస్తుంది. వంకర పోవడం, బీటలివ్వడం, పేడు లేవడం మామూలే. రెండు మూడేళ్లకోసారి స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు పూత) వేయాలి, వేయకపోతే బూడిద రంగుకి తిరిగి వయసు మీద పడినట్టుంటుంది.

కాంపోజిట్ అంటే చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి చేసిన పలక, ఈ మధ్య వచ్చేవాటికి చుట్టూ ప్లాస్టిక్ తొడుగు కూడా ఉంటుంది. ట్రెక్స్, టింబర్‌టెక్, ఫైబరాన్ ఎక్కువగా వినిపించే పేర్లు. పేడు లేవదు, స్టెయిన్ అక్కర్లేదు, సబ్బునీళ్లతో కడిగితే చాలు. కడగకుండా వదిలేస్తే నీడలో మా ఊరి తేమకి దాని మీద కూడా బూజు మచ్చలు వస్తాయి, మెయింటెనెన్స్ లేదు అన్నది సగం నిజం. గీత పడితే సాండింగ్ చేసి పోగొట్టుకునే వీలు లేదు. 25 ఏళ్ల వారంటీ అని పెద్దక్షరాల్లో ఉంటే, పలక మాత్రమే ఇస్తారా, విప్పి వేసే కూలి కూడా ఇస్తారా అన్నది చిన్నక్షరాల్లో వెతకండి.

మన ఇళ్లకి సంబంధించినవి ఇంకొన్ని ఉన్నాయి, అమ్మేవాళ్లు చెప్పరు. మనం చెప్పులు లోపలా బయటా విప్పేసి తిరిగే జనం. జూలై మధ్యాహ్నం ముదురు రంగు కాంపోజిట్ మీద ఉత్తికాళ్లతో అడుగుపెడితే పెనం మీద పెట్టినట్టే, వడియాలు తియ్యడానికి వెళ్లినవాళ్లు గెంతుతూ వెనక్కి వస్తారు. ఎండ తగిలే డెక్ అయితే లేత రంగు తీసుకోండి, లేదంటే పైన్ చెక్కే వేసుకోండి. దీపావళికి పిల్లలు కాకరపువ్వొత్తులు పట్టుకుంటే రవ్వ పడి చెక్క కాస్త నల్లబడుతుంది, ప్లాస్టిక్ కరిగి గుంట పడుతుంది. చేపల వేపుడు వాసన ఇంట్లో రాకూడదని బయట స్టవ్ పెట్టుకునేవాళ్లు చాలామంది, నూనె చిందితే పైన్ పీల్చేసుకుంటుంది, కాంపోజిట్ మీద వెంటనే తుడిస్తే పోతుంది. పసుపు మరక గురించి చెల్లెమ్మ చాలా టెన్షన్ పడింది, అది ఎండకి తనంతట తనే వెలిసిపోతుంది. ఎదురుగా లో-ఈ అద్దాల (వేడిని తిప్పికొట్టే పూత ఉన్నవి) కిటికీ ఉంటే చూసుకోండి, వాటి నుంచి తిరిగి కొట్టే ఎండ ఒకచోట పడి ప్లాస్టిక్ పలకల్ని మెత్తబరిచే ప్రమాదం ఉంది.

నా సలహా మావాడికి చెప్పిందే. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ఫ్రేమ్ దిట్టంగా, జాయిస్టుల మధ్య 16 అంగుళాల దూరంతో కట్టి, పైన పైన్ వేసెయ్. మామూలుగా అడ్డంగా పరిచే కాంపోజిట్‌కి కూడా చాలా కంపెనీలు ఆ దూరమే అడుగుతాయి, మూలగా పరిచే డిజైన్ అయితే 12 కావాలి. పదేళ్లకో పన్నెండేళ్లకో పైన్ పాడైతే అప్పుడు పలకలు మాత్రం విప్పి కాంపోజిట్ వేసుకో. అంతేగానీ కాంపోజిట్ కొనడం కోసం ఫ్రేమ్‌లో కక్కుర్తి పడకు. పిల్లలు చిన్నవాళ్లై పేడు గుచ్చుకుంటుందన్న భయం ఉన్నా, స్టెయిన్ డబ్బా మూత నువ్వు ఎప్పటికీ తియ్యవని నీకే తెలిసినా, మొదట్నుంచీ కాంపోజిట్టే వేసుకో. మావాడు పైన్ వేశాడు.

మనమే కట్టాలా, కాంట్రాక్టర్‌కి ఇవ్వాలా

నడుము ఎత్తు లోపల ఉంటే ఫ్రెండ్స్ కట్టుకోవచ్చు. బేస్‌మెంట్ ఇల్లై, డెక్ మొదటి అంతస్తు ఎత్తులో రావాలంటే దయచేసి సరదా వద్దు, పనివాళ్లకి ఇచ్చేయండి. మాకు వచ్చిన కొటేషన్ సామాను ఖర్చుకి రెండున్నర రెట్లు, అది చూశాకే మనమే చేద్దాం అన్న ధైర్యం వచ్చింది. మధ్యేమార్గం కూడా ఉంది, గుంతలు, ఫ్రేమ్ కాంట్రాక్టర్‌తో చేయించి పలకలు మనం బిగించుకోవడం. ఇంకోసారైతే నేను ఇదే చేస్తాను. కాంట్రాక్టర్ పర్మిట్ తన పేరున తీసుకోవాలి. "మీ పేరున తీసుకోండి, తొందరగా అవుతుంది" అంటే బాధ్యత మీ నెత్తిన పెడుతున్నట్టు. డబ్బంతా ముందే ఇవ్వకండి.

పలకలు బిగించడమూ చిన్న పనేం కాదు. 27 పలకలు, 13 జాయిస్టులు, కలిసిన ప్రతిచోటా రెండు స్క్రూలు, అంటే 702. మోకాళ్లకి ప్యాడ్లు, స్క్రూలు బిగించే ఇంపాక్ట్ డ్రైవర్‌కి రెండో బ్యాటరీ లేకుండా మొదలుపెట్టకండి. మనుషులు ముగ్గురు చాలు, ఒకరు కోయడం, ఒకరు పట్టుకోవడం, ఒకరు బిగించడం. ఆరుగురొస్తే ఇద్దరు పని చేస్తారు, నలుగురు సలహాలిస్తారు. మధ్యాహ్నం బిర్యానీ తెప్పించారో ఆ రోజు పని అక్కడికి ఆఖరు, మా రెండో శనివారం అలాగే పోయింది. పులిహోర చేయించండి.

స్టెయిన్ వేయడానికి తొందరపడకండి, చెక్క మీద నీళ్ల చుక్క వేస్తే అది జారకుండా ఇంకిపోవాలి, అప్పుడే. కోయగా మిగిలిన ముక్కలు భోగి మంటకి పనికొస్తాయని నాన్నగారు గ్యారేజీలో ఒద్దికగా పేర్చి పెట్టారు. మందు పట్టించిన చెక్క కాలిస్తే పొగ విషం, బూడిద కూడా మంచిది కాదు, ఫైర్ పిట్‌లో కూడా వేయకూడదు. చెబితే ఆయన నమ్మలేదు, "చెక్క కాలిస్తే విషమేంటయ్యా" అని. చివరికి చీటీ మీద రాసింది చదివి వినిపించాక, ఒక్కో ముక్కా చూసుకుంటూ ఆయనే చెత్తబండిలో వేశారు.